నల్ల బిళ్ళలో ఎలక్ట్రాన్లు: శ్రీకాకుళంలో నా పీహెచ్‌డీ అనుభవం

నా పీహెచ్‌డీ అంతా ఒక నల్ల బిళ్ళ మీదే. 13 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం. పేరు లాంతనం కాల్షియం మాంగనైట్. శ్రీకాకుళంలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌గా పాఠాలు చెప్పుకుంటూ పార్ట్‌టైమ్‌లో చేశాను కాబట్టి మామూలు కంటే ఎక్కువ కాలమే పట్టింది. మా దగ్గర చదువుకుని ఎమ్మెస్సీకి వెళ్ళిన పిల్లలు ఫోన్ చేసి అడుగుతుంటారు, ‘సార్, అసలు రీసెర్చ్ అంటే రోజూ ఏం చేస్తారు?’ అని. ఫోన్‌లో చెబితే తేలే విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

ఈ బిళ్ళకీ మా ప్రాంతానికీ ఒక చుట్టరికం ఉంది. మాది విజయనగరం జిల్లా గరివిడి దగ్గర పల్లె. అక్కడ మాంగనీసు అంటే పుస్తకంలో మూలకం కాదు, లారీల్లో వెళ్ళే నల్లరాయి. మన దేశంలో మాంగనీసు తవ్వకాలు మొదలైందే విజయనగరం ప్రాంతంలో, 1890లలో. కోడూరు గనుల్లో కనిపించిన ఒక రకం రాయికి భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మోర్ ఆ ఊరి పేరు మీదే కోడూరైట్ అని పేరు పెట్టాడు. ఇక లాంతనం మోనజైట్ అనే ఖనిజంలో ఉంటుంది. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో నల్లగా చారలు కట్టి ఉండే బరువైన ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్‌తో పాటు మోనజైట్ కూడా కొంత ఉంది. అంటే నా శాంపిల్‌లో సగం సరుకు విజయనగరానిది, సగం శ్రీకాకుళానిది అని గొప్పగా చెప్పుకోవచ్చు. నిజానికి ల్యాబ్‌లో వాడింది మాత్రం సీసాల్లో వచ్చే 99.9 శాతం శుద్ధమైన పొడులు. గని రాయిలో ఇనుము, సిలికా లాంటివి కలిసి ఉంటాయి, అది మన పనికి రాదు.

అసలు ఈ పదార్థం మీద అంత పట్టు ఎందుకంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఎమ్మెస్సీలో మనం చదివే బ్యాండ్ సిద్ధాంతం ఒక్కో ఎలక్ట్రాన్‌ని విడిగా పట్టుకుని, మిగతా వాటి ప్రభావాన్ని సగటు చేసి కలిపేస్తుంది. రాగికీ సిలికాన్‌కీ అది చక్కగా సరిపోయింది. నికెల్ ఆక్సైడ్ దగ్గర మాత్రం బోల్తా కొట్టింది. లెక్క ప్రకారం అందులో కరెంటు పారాలి, కానీ అది బంధకం. 1937లో డి బోర్, వెర్వే ఈ సంగతి బయటపెట్టారు. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడమే దీనికి కారణం కావచ్చని పియర్ల్స్, మాట్ అన్నారు. ఇలా ఎలక్ట్రాన్ల మధ్య తోపులాట బలంగా ఉండి, ఏ ఒక్కదాన్నీ విడిగా లెక్కవేయడానికి వీల్లేని వాటినే కోరిలేటెడ్ ఎలక్ట్రాన్ పదార్థాలంటారు.

మా మాంగనైట్‌లోనూ అదే గొడవ. కాల్షియం కలపని లాంతనం మాంగనైట్‌లో ప్రతి మాంగనీసు అయాన్ మీదా కదలగలిగిన ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. కానీ సీటుకి ఒక్కరే కూర్చోవాలన్న రూలున్న పాలకొండ బస్సు నిండిపోయినట్టు, పక్క చోటు ఖాళీ లేక ఎవరూ కదలరు. వంద లాంతనం అయాన్లలో ముప్పై తీసేసి కాల్షియం పెడితే వంద మాంగనీసుల్లో ముప్పై ఆ ఎలక్ట్రాన్‌ని పోగొట్టుకుంటాయి. ఇక కదలడానికి చోటు దొరికినట్టే. అయితే ఒక షరతు ఉంది. పక్క మాంగనీసు అయస్కాంత దిశ తన దిశతో కలిస్తేనే ఎలక్ట్రాన్ సులువుగా దూకుతుంది. 1951లో జీనర్ చెప్పిన మాట ఇది. అందుకని ఈ పదార్థాన్ని చల్లబరిస్తే ఒక ఉష్ణోగ్రత దగ్గర లోపలి చిన్న అయస్కాంతాలన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి, అక్కడే కరెంటుకి దారి దొరుకుతుంది. బయటి నుంచి బలమైన అయస్కాంత క్షేత్రం పెట్టినా ఇదే జరిగి నిరోధం పడిపోతుంది. 1994లో పలుచటి పొరల మీద చేసిన ప్రయోగంలో ఈ మార్పు వెయ్యి రెట్ల దాకా కనిపించింది. అప్పటి నుంచి దీనికి కొలోసల్ మాగ్నెటోరెసిస్టెన్స్ అన్న పేరు స్థిరపడింది. మన దేశంలో బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావు గారి బృందం ఈ పదార్థాల మీద చాలా పని చేసింది.

జీనర్ మాట ఒక్కటే సరిపోదని 1995లో మిల్లిస్, లిటిల్‌వుడ్, ష్రైమన్ లెక్క కట్టి చూపించారు. ఎలక్ట్రాన్ ఉన్న చోట చుట్టూ ఆక్సిజన్ల అమరిక కొద్దిగా వంకర తిరుగుతుంది, ఆ వంకరని మోసుకుంటూ కదలాలి కాబట్టి ఎలక్ట్రాన్‌కి కాళ్ళు బరువెక్కుతాయి. ఎలక్ట్రాన్ విద్యుదావేశం, అయస్కాంతత్వం, పరమాణువుల అమరిక మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఏ ఒక్కటి కదిపినా మిగతా రెండూ కదులుతాయి. నాకు ఈ సబ్జెక్టు మీద మోజు పుట్టించింది ఇదే.

పార్ట్‌టైమ్ అడ్మిషన్, ప్రీ పీహెచ్‌డీ పరీక్షలు, కమిటీలు అందరికీ ఉండేవే కాబట్టి వదిలేస్తున్నాను. గైడ్ మేడం ఉండేది విశాఖలో, నేను ఉండేది శ్రీకాకుళంలో. మేడం మొదట్లోనే చెప్పారు, ‘ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్ కిరణాలతో స్ఫటికం లోపలి అమరిక చూసే పరీక్ష), మాగ్నెట్‌కి ఎక్కడికైనా వెళ్ళొచ్చు, కానీ శాంపిల్ మాత్రం నీ చేత్తో నువ్వే చేసుకో’ అని. ఆ మాట అప్పుడు చాదస్తం అనిపించింది. ఇప్పుడు నా దగ్గరికొచ్చే వాళ్ళకి నేనూ అదే చెబుతున్నాను.

పది గ్రాముల శాంపిల్‌కి లెక్క ఇది: లాంతనం ఆక్సైడ్ 5.374 గ్రాములు, కాల్షియం కార్బొనేట్ 1.415, మాంగనీస్ డయాక్సైడ్ 4.097. కాయితం మీద ఇంత సులువు. కానీ లాంతనం ఆక్సైడ్ గాలిలోని తేమని పీల్చి హైడ్రాక్సైడ్‌గా మారిపోతుంది. మనది సముద్రతీరం, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉప్పు డబ్బా మూత తీస్తేనే నీరు కారుతుంది. ఆ పొడి మొత్తం హైడ్రాక్సైడ్ అయిపోతే, తూచిన దాంట్లో లాంతనం 14 శాతం తక్కువ ఉంటుంది. తెల్లపొడి తెల్లపొడిలానే కనిపిస్తుంది, కంటితో చూస్తే తెలిసే దారి లేదు. అందుకని ముందు రోజు రాత్రంతా 900 డిగ్రీల మీద కాల్చి, ఇంకా వేడిగా ఉండగానే తేమ చేరనివ్వని గాజు పాత్రలోకి, అంటే డెసికేటర్‌లోకి మార్చి, చల్లారీ చల్లారగానే తూచాలి. తూకం జరుగుతున్నంతసేపూ ఫ్యాన్ ఆపేసి తలుపు మూసి పెట్టేవాణ్ని. ఎండాకాలంలో అది వేరే పరీక్ష.

తరువాత నూరడం. అగేట్ అనే గట్టి రాతి కల్వంలో అసిటోన్ చుక్కలు వేస్తూ గంటలకొద్దీ నూరాలి. ఆపై 1000 డిగ్రీల మీద కాల్చాలి, మళ్ళీ నూరాలి, 1150 మీద కాల్చాలి, మళ్ళీ నూరాలి. మా ల్యాబ్ అటెండర్‌ని అందరం బాబాయి అంటాం. ఆయన రోజులకొద్దీ చూసి చూసి ఓ సాయంత్రం ఉండబట్టలేక అన్నాడు: ‘ఏటి మేస్టారూ, నూరతారు, కాలస్తారు, మళ్ళీ నూరతారు. ముందే ఓపాలి గట్టిగా నూరీస్తే అయిపోను కదా!’

సరైన ప్రశ్నే. ఇక్కడ ఏదీ కరగదు, పొడి పొడిగానే ఉండి పరమాణువులు ఒక రేణువులోంచి పక్క రేణువులోకి పాకాలి. రెండు రేణువులు ఆనుకున్న చోట కొత్త పదార్థం పొరలా కడుతుంది, ఆ పొర మందమయ్యేకొద్దీ అవతలి పరమాణువులకి ఇవతలికి రావడం కష్టమైపోతుంది. మళ్ళీ నూరితే ఆ పొర పగిలి కొత్త ముఖాలు ఎదురెదురు పడతాయి. బాబాయికి ఇలాగే చెప్పాను. ‘అయితే సరే, ఇలాగివ్వండి’ అని కల్వం తీసుకుని నాకంటే బాగా నూరాడు.

ఫర్నేస్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. సిలికాన్ కార్బైడ్ రాడ్లున్న మఫిల్ ఫర్నేస్ అది. తెచ్చి బిగించినవాళ్ళు డిస్‌ప్లేలో అంకె చూపించి చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. ఆ అంకె నిజమో కాదో ఎవరు చెప్పాలి? మేడం ఒక ఉపాయం చెప్పారు. మేలిమి బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కంసాలి దగ్గర చీమ తలకాయంత మేలిమి ముక్క కొని, అల్యూమినా క్రూసిబుల్‌లో శాంపిల్ ఉండే చోటే పెట్టి, ఒక్కో పది డిగ్రీలు పెంచుతూ చూశాను. డిస్‌ప్లే 1100 దాటినా ముక్క ముక్కలాగే ఉంది. 1110 దగ్గర గుండ్రటి పూసైంది. వేడిని కొలిచే థర్మోకపుల్‌ని రాడ్డుకి దగ్గరగా బిగించడం వల్ల అది రాడ్డు వేడిని చూపిస్తోంది, శాంపిల్ దగ్గర నలభై డిగ్రీలకి పైగా తక్కువ. అప్పటి నుంచి ప్రతి సెట్టింగ్‌కీ ఆ తేడా కలుపుకుంటూ వచ్చాను. బంగారం ఫర్నేస్‌లో వేశానని మాత్రం ఇంట్లో చెప్పలేదు.

ఇక పొడిని హైడ్రాలిక్ ప్రెస్‌లో ఐదు టన్నుల ఒత్తిడితో బిళ్ళలుగా నొక్కి, 1300 డిగ్రీల మీద ఒక రోజు ఉంచి, నిమిషానికి రెండు డిగ్రీల చొప్పున నెమ్మదిగా దింపాలి. మొదటి బ్యాచ్ బాగా వచ్చింది. రెండో బ్యాచ్ 1300 మీద ఉండగా తెల్లవారుజామున కరెంటు పోయింది. జనరేటర్ ఉంది కానీ అది ఆఫీసు గదులకే, ఫర్నేస్ లోడ్ మోసేది కాదు. చూస్తుండగానే అంకె పడిపోయింది. కరెంటు తిరిగొచ్చేటప్పటికి ఏం చేసినా లాభం లేదు. బిళ్ళలు బయటికి తీస్తే ఒక్కటీ పగల్లేదు, రంగులో, బరువులో, గట్టితనంలో మొదటి బ్యాచ్‌కీ వీటికీ ఏ తేడా లేదు. ఎక్స్‌ఆర్‌డీలో కూడా రెండింటికీ గీతలు దాదాపు ఒకటే, 33 డిగ్రీల దగ్గర పెద్ద శిఖరం అదే చోట. కల్తీ గీతలేం లేవు. ‘రెండూ ఒకటే కదా, కలిపేయొచ్చేమో’ అన్నాను. మేడం ఒప్పుకోలేదు. సీసాల మీద వేరువేరు నంబర్లు రాయించారు.

తేడా మొదట బయటపడింది పక్కనున్న కెమిస్ట్రీ ల్యాబ్‌లో. శాంపిల్‌ని ఆమ్లంలో కరిగించి, పొటాషియం అయొడైడ్ కలిపి, విడుదలైన అయొడిన్‌ని హైపోతో టైట్రేట్ చేస్తే, అంటే డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలు చేసే టైట్రేషనే, నాలుగు ఆవేశాలున్న మాంగనీసు (కదిలే ఎలక్ట్రాన్‌ని పోగొట్టుకున్నది) ఎంత శాతమో తెలుస్తుంది. రావలసింది 30. మొదటి బ్యాచ్‌లో కొంచెం అటూ ఇటూగా అదే వచ్చింది. కరెంటు పోయిన బ్యాచ్‌లో 24 వచ్చింది. 1300 మీద ఈ పదార్థం కొంత ఆక్సిజన్ వదిలేస్తుంది, నెమ్మదిగా చల్లారేటప్పుడు గాలిలోంచి తిరిగి తీసుకుంటుంది. రెండో బ్యాచ్‌కి ఆ టైమ్ దొరకలేదు. స్టార్చ్ నీలం రంగు విరిగే ఒక్క చుక్క దగ్గర లక్షల రూపాయల ఎక్స్‌ఆర్‌డీకి దొరకని విషయం దొరికింది. కెమిస్ట్రీ వాళ్ళు ఆ వారమంతా కాలర్ ఎగరేశారు.

నిరోధం కొలవడానికి చలి కావాలి. మా పదార్థం మారేది 250 కెల్విన్ దరిదాపుల్లో, అంటే సున్నాకి 23 డిగ్రీల కింద. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్‌లో మరుగుతుంది కాబట్టి అది బోలెడు. అయితే శ్రీకాకుళంలో ద్రవ నైట్రోజన్ ఎక్కడ? ఫిజిక్స్ వాళ్ళకి తట్టని జవాబు మా బావమరిది చెప్పాడు: పశువుల ఆసుపత్రి. పశువులకి కృత్రిమ గర్భధారణ చేసే వీర్యం స్ట్రాలన్నీ ద్రవ నైట్రోజన్ కంటైనర్లలోనే ఉంటాయి, వాటిని నింపడానికి బండి క్రమం తప్పకుండా వస్తుంది. ఆ బండి వచ్చే రోజు చూసుకుని, ఉత్తరం పట్టుకుని, మా కంటైనర్ తీసుకుని వెళ్ళాను. అక్కడున్నాయన కంటైనర్ వైపు చూసి, ‘మేస్టారూ, ఎన్ని గేదెలున్నాయి మీకు?’ అన్నాడు. విషయం విన్నాక నవ్వి, కంటైనర్ ఎలా ఎత్తాలో, మూత ఎందుకు బిగించకూడదో (లోపల నైట్రోజన్ మరిగి వాయువవుతూనే ఉంటుంది, దానికి బయటికి దారి లేకపోతే పేలుతుంది) ఆయనే నాకు పాఠం చెప్పాడు. ఆటో వద్దు, కిటికీలు తీసిన జీపే మంచిదనీ చెప్పాడు.

బిళ్ళని పలుచటి పలకలా కోసి, దాని మీద వరసగా నాలుగు చోట్ల సిల్వర్ పేస్ట్‌తో వెంట్రుకలాంటి రాగి తీగలు అతికించాలి. బయటి రెండు తీగల్లోంచి కరెంటు, లోపలి రెండింటి మధ్య వోల్టేజి. ఇలా చేస్తే తీగల నిరోధం, అతుకుల నిరోధం లెక్కలోకి రావు. చేయి వణికితే పక్క అతుకు మీద పేస్ట్ పడి రెండూ కలిసిపోతాయి, తుడిచి మళ్ళీ మొదలు. ఊపిరి బిగబట్టి, అగ్గిపుల్ల మొనతో చుక్క పెట్టడం నేర్చుకోవడానికి చాలా సాయంత్రాలు పోయాయి. ప్రతి రీడింగ్‌నీ కరెంటు దిశ తిప్పి రెండుసార్లు తీయాలి, లేకపోతే ఉష్ణోగ్రత తేడా వల్ల పుట్టే చిల్లర వోల్టేజి వచ్చి కూర్చుంటుంది.

మొదటి బ్యాచ్ కొలిచిన రాత్రి బాగా గుర్తుంది. గది ఉష్ణోగ్రత నుంచి దిగుతున్నకొద్దీ నిరోధం పెరుగుతూ పోయింది, బంధకాల పద్ధతే అది. 260 దాటాక ఆ పెరుగుదల మందగించింది. 255 దగ్గర ఆగింది. ఆ తరువాత అంకెలు తగ్గడం మొదలుపెట్టాయి, ఇక ఆగకుండా పడిపోతూనే ఉన్నాయి. అదే బిళ్ళ, అవే పరమాణువులు, పది డిగ్రీల లోపు బంధకం లోహంలా నడవడం మొదలుపెట్టింది. గ్రాఫ్‌లు పేపర్లలో ఎన్నో చూశాను. కానీ మల్టీమీటర్‌లో అంకె మన కళ్ళ ముందు దిశ మార్చుకుంటుంటే ఆ కిక్కే వేరు. రెండో బ్యాచ్‌లో నిరోధం శిఖరం 230 దగ్గర వచ్చింది, అదీ సన్నగా కాదు, వెడల్పుగా పరుచుకుని. దాన్ని విశాఖ ల్యాబ్‌లో ట్యూబ్ ఫర్నేస్‌లో పెట్టి, ఆక్సిజన్ పారిస్తూ కాల్చి మళ్ళీ కొలిస్తే శిఖరం దాదాపు 250కి ఎక్కింది. సీసా మీద ఫార్ములా మూడుసార్లూ ఒకటే. ఈ రంగంలో రెండు పేపర్ల అంకెలు కలవనప్పుడు నేను ఇప్పుడు ముందు చూసేది సిద్ధాంతం కాదు, శాంపిల్ ఎలా చల్లార్చారో రాసిన ఆ రెండు లైన్లు. చాలామంది ఆ రెండు లైన్లే సరిగ్గా రాయరు, అది నాకు ఒళ్ళుమండే విషయం.

అయస్కాంత క్షేత్రంలో కొలతలకి ఇండోర్‌లోని యూజీసీ-డీఏఈ కన్సార్షియంకి వెళ్ళాను. యూనివర్సిటీల వాళ్ళు ప్రపోజల్ రాసి పంపితే అక్కడి పరికరాలు వాడుకోవచ్చు. మా వైపు కాలేజీల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. అక్కడ ద్రవ హీలియంలో ఉండే సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్‌తో 5 టెస్లా దాకా పెట్టి కొలిచాం. భూమి అయస్కాంత క్షేత్రం కంటే అది లక్ష రెట్లు ఎక్కువ. శిఖరం దగ్గర నిరోధం సగానికి పైగా పడిపోయింది. అంతకంటే నాకు నచ్చింది ఇంకొకటి: బాగా చల్లగా ఉన్నప్పుడు చాలా చిన్న క్షేత్రానికే నిరోధం గబుక్కున కొంత తగ్గింది. ఇది ఎలక్ట్రాన్ల గొప్ప కాదు, బిళ్ళలో ఒక స్ఫటిక రేణువుకీ పక్క రేణువుకీ మధ్య ఉన్న సరిహద్దుల మహిమ. ఒక్క స్ఫటికంలో ఇది కనిపించదు. నేనూ బాబాయీ నూరిన నూరుడు ఆ గ్రాఫ్‌లో ఎడమ చివర కూర్చుని ఉంది.

క్లాసులో చూపించడానికి వేరే బిళ్ళ చేసుకున్నాను. కాల్షియం బదులు స్ట్రాన్షియం కలిపితే అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రత (క్యూరీ ఉష్ణోగ్రత అంటారు) 360, 370 కెల్విన్ల మధ్యకి పెరుగుతుంది, అంటే నీళ్ళు మరిగే వేడికి కొంచెం కింద. అయస్కాంతానికి ఈ బిళ్ళ టక్కున అతుక్కుంటుంది. దారానికి కట్టి కాసేపు మరిగే నీళ్ళలో వేలాడదీసి, ఆ నీళ్ళలోనే గాజు గోడ అవతల నుంచి అయస్కాంతం దగ్గరికి తెస్తే బిళ్ళ పట్టించుకోదు. స్టవ్ ఆపి నీళ్ళు చల్లారనిస్తే మళ్ళీ అటు వాలుతుంది. పిల్లలు దీన్ని చూసినంత శ్రద్ధగా క్యూరీ ఉష్ణోగ్రత పాఠం ఎప్పుడూ వినలేదు.

వైవాలో ఎగ్జామినర్ గారు ఎక్కువసేపు అడిగింది కరెంటు పోయిన బ్యాచ్ గురించే. ఆక్సిజన్ తగ్గడం వల్లే శిఖరం జరిగిందని ఎలా చెబుతారు, రేణువుల సైజు మారి ఉండొచ్చు కదా అన్నారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మల్లో సైజు దాదాపు ఒకటేననీ, ఆక్సిజన్‌లో కాల్చాక టైట్రేషన్ అంకె, శిఖరం రెండూ కలిసి వెనక్కి వచ్చాయనీ చూపించాను. సైజు ప్రభావం అసలే లేదని మాత్రం అనలేదు, వెడల్పు పూర్తిగా తగ్గలేదు కాబట్టి.

ఇప్పుడు సగానికి సగం కాల్షియం ఉన్న శాంపిల్ మీద ఉన్నాను. అది ఇంకా పెంకి రకం. చల్లారుస్తుంటే సుమారు 225 కెల్విన్ దగ్గర అయస్కాంతమవుతుంది, 155 దగ్గర ఆ గుణం వదిలేసి, ఎలక్ట్రాన్లు వరసలు కట్టి నిలబడిపోయి బంధకమవుతుంది. తిరిగి వేడి చేస్తే వచ్చిన దారిన వెళ్ళదు, ఇంకా పై ఉష్ణోగ్రత దాకా మొండికేస్తుంది. ఒకే బిళ్ళలో కొన్ని చోట్ల లోహం, కొన్ని చోట్ల బంధకం పక్కపక్కనే ఉంటాయి. ఎంత వేగంగా చల్లార్చామన్న దాన్ని బట్టి కూడా గీత మారుతోంది, అందుకని నిమిషానికి అర డిగ్రీ చొప్పున ఒకసారి, రెండు డిగ్రీల చొప్పున ఒకసారి తీస్తున్నాను. నెమ్మదిగా తీసే రోజు నైట్రోజన్ రెట్టింపు పడుతుంది. పశువుల ఆసుపత్రి ఆయన్ని ఇంకో కంటైనర్ అడగాలి.